జావా మ్యాప్ నెమ్మదిగా ఉందా? సరైనది ఎంచుకుని సరిచేసుకోవడం ఇలా

“హ్యాష్‌మ్యాప్ స్లోగా ఉంది, దాని బదులు ఏ లైబ్రరీ వాడమంటారు?” అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ప్రతిసారీ నేను తిరిగి అడిగేది ఒక్కటే: “మీ కీ ఏంటి?” “మామూలు లాంగే అండీ” అంటారు. (మ్యాప్ అంటే కీ ఇస్తే దాని వాల్యూ తెచ్చిచ్చే పట్టిక, లాంగ్ అంటే 64 బిట్ల పూర్ణసంఖ్య.)

ఆ మామూలు లాంగే ఒకసారి నన్ను రెండు రోజులు ఏడిపించింది. వెయ్యి అడ్డ వరుసలు, వెయ్యి నిలువు వరుసలు ఉన్న గ్రిడ్‌లో ప్రతి గడికీ ఒక వాల్యూ దాచాలి. అడ్డానికి ఒక ఇంట్ (32 బిట్ల పూర్ణసంఖ్య), నిలువుకి ఒక ఇంట్. రెండింటినీ ఒకే లాంగ్‌లో, పై 32 బిట్లలో ఒకటి, కింది 32 బిట్లలో ఒకటి కూర్చి కీగా వాడాను. తెలివైన పని చేశాననే అనుకున్నాను. 10 లక్షల ఎంట్రీలు పడేసరికి ప్రోగ్రామ్ పాకడం మొదలెట్టింది. హీప్ (జావా ఆబ్జెక్టులుండే మెమరీ) పెంచాను, మ్యాప్ సైజు ముందే ఇచ్చాను, లోడ్ ఫ్యాక్టర్ (లోపలి టేబుల్ ఎంత నిండితే పెంచాలో చెప్పే హద్దు) తగ్గించాను. దేనికీ లొంగలేదు. కారణం మూడో స్టెప్‌లో ఉంది. నిజానికి ఆ స్టెప్ కోసమే ఇదంతా రాస్తున్నాను, మిగతావి దానికి ముందూ వెనకా చూసుకోవాల్సినవి.

క్లాసుల పేర్లు, మెథడ్ పేర్లు తెలుగు లిపిలోనే రాశాను. ఎడిటర్‌లో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు కొడితే పూర్తి పేరు అదే చూపిస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- జావా 17 లేదా ఆపై వెర్షన్. జావా 8తోనూ చాలావరకు పని జరుగుతుంది. జరగని చోట చెబుతాను.
- మీ అసలు డేటా నుంచి తీసిన కీల నమూనా, లక్షకు తగ్గకుండా. సున్నా నుంచి లూప్ వేసి తయారుచేసిన కీలు పనికిరావు. ఎందుకో తొమ్మిదో స్టెప్‌లో తెలుస్తుంది.
- జేఎంహెచ్. వేగం కొలిచే టూల్, ఓపెన్‌జేడీకే వాళ్లది.
- జేఓఎల్. ఒక ఆబ్జెక్ట్ మెమరీలో ఎన్ని బైట్లు తింటుందో చూపించే చిన్న లైబ్రరీ.
- జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్)తో పాటే వచ్చే జేమ్యాప్, నడుస్తున్న ప్రోగ్రామ్ మెమరీలో ఏముందో చూపించే టూల్. హీప్ డంప్ (మెమరీని ఫోటో తీసినట్టు దాచిన ఫైల్) తెరిచి చూడాలంటే ఎక్లిప్స్ వాళ్ల మ్యాట్ కూడా.

1. కోడ్ ముట్టుకోకముందు ఐదు జవాబులు రాసుకోండి

కాగితం మీదైనా సరే, రాయండి. మ్యాప్‌లో ఎన్ని ఎంట్రీలు ఉంటాయి: వందలా, లక్షలా, కోట్లా? చదవడం ఎక్కువా, రాయడం ఎక్కువా? ఒకేసారి ఎన్ని థ్రెడ్లు ముట్టుకుంటాయి? క్రమం కావాలా? కావాలంటే ఏ క్రమం: పెట్టిన వరుసా, కీల వరుసా? పాత ఎంట్రీలను తీసేయాలా, లేక ప్రోగ్రామ్ ఆగేదాకా ఉండాల్సిందేనా?

వంద ఎంట్రీలు ఉన్న మ్యాప్ గురించి టెన్షన్ పడుతున్నవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. మీ సమస్య వేరే చోట ఉంది. ప్రొఫైలర్ (టైమ్ ఎక్కడ పోతోందో చూపించే టూల్) పెట్టి చూస్తే డేటాబేస్ కాల్ దగ్గరో, స్ట్రింగ్‌లు అతికించే చోటో దొరుకుతుంది.

2. జవాబులను బట్టి మ్యాప్ ఎంచుకోండి

ప్రత్యేకమైన అవసరం ఏదీ లేకపోతే హ్యాష్‌మ్యాప్. ఇందులో సందేహం అక్కర్లేదు.

పెట్టిన వరుసలోనే తిరిగి రావాలంటే లింక్డ్‌హ్యాష్‌మ్యాప్. ప్రతి ఎంట్రీకి ముందు, వెనక అని రెండు రిఫరెన్సులు అదనం. హ్యాష్‌మ్యాప్ నోడ్ (ఒక్కో ఎంట్రీని పట్టుకునే ఆబ్జెక్ట్) 32 బైట్లయితే దీని ఎంట్రీ 40 బైట్లు. (32 జీబీ కన్నా తక్కువ హీప్‌తో, 64 బిట్ మెషిన్ మీద మామూలుగా ఉండే లెక్క ఇది. కింద చెప్పే బైట్ల లెక్కలన్నీ అంతే.)

కీలు సార్ట్ అయి ఉండాలన్నా, “ఈ టైమ్‌కి ముందున్న చివరి ఎంట్రీ ఏది” లాంటి ప్రశ్నలు అడగాలన్నా ట్రీమ్యాప్. ఫ్లోర్‌కీ, సీలింగ్‌కీ, సబ్‌మ్యాప్ దాని అసలు బలం. అవి వాడకుండా, చివర్లో ఒకసారి వరుసగా ప్రింట్ చేయడానికే ట్రీమ్యాప్ పెట్టుకున్నవాళ్లు చాలామంది. అలాంటప్పుడు హ్యాష్‌మ్యాప్‌లో నింపి, చివర్లో కీలను ఒక్కసారి సార్ట్ చేయండి.

కీ ఈనమ్ (ముందే రాసిపెట్టిన స్థిరమైన పేర్ల జాబితా) అయితే ఈనమ్‌మ్యాప్. లోపల ఉండేది మామూలు అర్రే, ఈనమ్ వరుస సంఖ్యే ఇండెక్స్. హ్యాష్ లేదు, కొలిజన్ (రెండు కీలు ఒకే గదిలో పడడం) లేదు. దీన్ని వాడకపోవడానికి నాకైతే ఒక్క కారణమూ కనిపించదు.

ఒకసారి నింపాక మారని చిన్న పట్టికలకు జావా 9లో వచ్చిన మ్యాప్ డాట్ ఆఫ్, జావా 10లో వచ్చిన మ్యాప్ డాట్ కాపీఆఫ్. నోడ్‌లు లేకుండా కీ, వాల్యూ ఒకే అర్రేలో పక్కపక్కన ఉంటాయి కాబట్టి మెమరీ కలిసొస్తుంది. రెండు హెచ్చరికలు: నల్ ఒప్పుకోదు, లూప్‌లో వచ్చే వరుస ప్రోగ్రామ్ నడిపిన ప్రతిసారీ మారవచ్చు. నిన్న పాసైన టెస్ట్ ఇవాళ ఫెయిలైతే ముందు ఇదే చూడండి.

వీక్‌హ్యాష్‌మ్యాప్‌ని క్యాష్ అనుకుని వాడకండి. కీని ఇంకెవరూ పట్టుకోకపోతే ఎంట్రీ పోతుంది, అంతే దాని పని. వాల్యూ లోపలి నుంచి అదే కీకి రిఫరెన్స్ ఉంటే ఎంట్రీ ఎప్పటికీ పోదు.

3. కీని పరీక్షించండి

నా గ్రిడ్ దగ్గరికి వద్దాం. హ్యాష్‌మ్యాప్ లోపల గదుల టేబుల్ ఉంటుంది, ఒక్కో గది ఒక బకెట్. కీ నుంచి వచ్చే హ్యాష్‌కోడ్ అనే సంఖ్యే ఏ బకెట్‌లో పెట్టాలో చెబుతుంది. లాంగ్ హ్యాష్‌కోడ్ ఎలా వస్తుంది? పై 32 బిట్లను, కింది 32 బిట్లను ఎక్సార్ చేస్తారు (రెండు బిట్లు వేరైతే 1, ఒకటైతే 0). నా కీలో పైన అడ్డం, కింద నిలువు. అంటే హ్యాష్‌కోడ్ అడ్డం ఎక్సార్ నిలువు. రెండూ 0 నుంచి 999 లోపే కాబట్టి ఫలితం ఎప్పుడూ 1023 దాటదు. 10 లక్షల కీలు, హ్యాష్‌కోడ్‌లు మాత్రం 1024. ఒక్కో బకెట్‌లో సుమారు 976 కీలు ఇరుక్కున్నాయి, 20 లక్షల పైచిలుకు గదులున్న టేబుల్‌లో మిగతాదంతా ఖాళీ. లోడ్ ఫ్యాక్టర్ తగ్గిస్తే ఖాళీ ఇంకా పెరిగింది తప్ప ఇరుకు తగ్గలేదు.

ప్రోగ్రామ్ పూర్తిగా కుప్పకూలకపోవడానికి కారణం జావా 8లో వచ్చిన మార్పు. టేబుల్‌లో కనీసం 64 గదులుండి, ఒక బకెట్‌లో కీలు 8 దాటితే, ఆ బకెట్‌ని లిస్ట్ నుంచి రెడ్-బ్లాక్ ట్రీగా మారుస్తుంది. వెతకడం పూర్తిగా చచ్చిపోదు. కానీ ట్రీ నోడ్ 56 బైట్లు, మామూలు నోడ్ 32. వేగమూ పోయింది, మెమరీ కూడా పోయింది.

తర్వాత నేను చేసింది ఇంకో తప్పు. “లాంగ్ వద్దు, రెండు ఇంట్‌లతో రికార్డ్ (డేటా పట్టుకోవడానికే ఉన్న చిన్న క్లాస్) పెడదాం” అనుకున్నాను. రికార్డ్‌కి ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ వాటంతటవే వస్తాయి కదా. వస్తాయి. కానీ ఆ హ్యాష్‌కోడ్ సాధారణంగా మొదటి దాన్ని 31తో గుణించి రెండోది కలిపినట్టే ఉంటుంది. మా లెక్కలో అత్యధికంగా 31 × 999 + 999, అంటే 31,968. 10 లక్షల కీలకు 32 వేల లోపు హ్యాష్‌కోడ్‌లు, ఒక్కోదానికి సగటున 31 కీలు. పైగా రికార్డ్‌కి కంపేరబుల్ (రెండిట్లో ఏది ముందో చెప్పే ఇంటర్‌ఫేస్) లేదు. లాంగ్‌కి ఉంది. ట్రీలో ఒకే హ్యాష్ ఉన్న కీల మధ్య ఎటు వెళ్లాలో తెలియాలంటే కంపేరబుల్ ఉండాలి. లేకపోతే రెండు వైపులా వెతుకుతుంది, ట్రీ ఉండీ ఉపయోగం ఉండదు.

పనిచేసిన పరిష్కారం చాలా చిన్నది: అడ్డాన్ని 1000తో గుణించి నిలువు కలిపి ఒకే ఇంటీజర్ కీ. ప్రతి గడికీ వేరే సంఖ్య, ఇంటీజర్ హ్యాష్‌కోడ్ ఆ సంఖ్యే. కొలిజన్ అసలు లేదు. ఆ తర్వాత వారానికి వెలిగింది: గ్రిడ్‌లో ప్రతి గడీ నిండే ఉంది, అలాంటప్పుడు మ్యాప్ ఎందుకు? 10 లక్షల గదుల ఇంట్ అర్రే, 4 ఎంబీ. ఇప్పుడు అక్కడ మ్యాప్ లేదు.

మీ కీని మీరు ఇలా పరీక్షించండి:

అ) నమూనా కీలన్నిటి హ్యాష్‌కోడ్‌లను ఒక హ్యాష్‌సెట్‌లో వేయండి. చివర్లో సెట్ సైజుని కీల సంఖ్యతో పోల్చండి. 10 లక్షల కీల్లో ఓ వంద, నూటయాభై కలిసిపోతే సహజమే. 32 బిట్లలో అంతమాత్రం కలవడం ఎవరూ ఆపలేరు. సగానికి సగం కలిసిపోతే మాత్రం కీ చెడ్డదని తేలిపోయినట్టే.

ఆ) హ్యాష్‌కోడ్‌లు వేరైనా బకెట్లు ఒకటే కావచ్చు. అందుకని హ్యాష్‌మ్యాప్ లోపల చేసేదే మీరూ చేయండి: హ్యాష్‌కోడ్‌ని తన 16 బిట్ల కుడి జరుపుతో ఎక్సార్ చేసి, టేబుల్ సైజులోంచి ఒకటి తీసేసిన సంఖ్యతో యాండ్ చేయండి. వచ్చింది బకెట్ నంబర్. ఒక ఇంట్ అర్రేలో ఆ నంబర్ దగ్గర ఒకటి కలపండి. చివర్లో అత్యధికం ఎంతో చూడండి.

ఇ) డిఫాల్ట్ లోడ్ ఫ్యాక్టర్‌తో, 10 లక్షల కీలకు అత్యధికం 6, 7 దగ్గర ఉంటే కీ ఆరోగ్యంగా ఉంది. 12 దాటితే అనుమానించండి. పదుల్లోనో వందల్లోనో ఉంటే ఇక ఏ లైబ్రరీ గురించీ ఆలోచించకుండా హ్యాష్‌కోడ్ మెథడ్ తెరవండి.

కీ పరిధి ముందే తెలియక నా 1000 చిట్కా కుదరని చోట సొంత కీ క్లాస్ రాయండి. హ్యాష్‌కోడ్‌లో ఆ 64 బిట్లను ఒక పెద్ద బేసి సంఖ్యతో గుణించి పై 32 బిట్లు తిరిగివ్వండి. బిట్లు బాగా కలుస్తాయి. వీలైతే కంపేరబుల్ కూడా ఇంప్లిమెంట్ చేయండి.

కీ విషయంలో పదేపదే కనిపించే తప్పులు:

- ఈక్వల్స్ రాసి హ్యాష్‌కోడ్ రాయకపోవడం. పెట్టిన కీ తిరిగి దొరకదు, మ్యాప్ మాత్రం పెరుగుతూ పోతుంది.
- మ్యాప్‌లో పెట్టాక కీ లోపలి ఫీల్డ్ మార్చడం. ఎంట్రీ పాత బకెట్‌లోనే ఉండిపోతుంది. లూప్ వేస్తే కనిపిస్తుంది, గెట్ అంటే నల్. ఈ బగ్ కోసం రాత్రంతా కూర్చున్నవాళ్లకు తెలుసు ఆ బాధ. కీ ఫీల్డులన్నీ ఫైనల్‌గా ఉంచండి.
- బైట్ అర్రేని కీగా వాడడం. అర్రేకి హ్యాష్‌కోడ్ లోపలున్న డేటాని బట్టి రాదు. అదే డేటాతో ఇంకో అర్రే ఇస్తే దొరకదు. ఒక చిన్న క్లాస్‌లో చుట్టి అర్రేస్ డాట్ హ్యాష్‌కోడ్, అర్రేస్ డాట్ ఈక్వల్స్ వాడండి.
- యూఆర్‌ఎల్ క్లాస్‌ని కీ చేయడం. దాని హ్యాష్‌కోడ్, ఈక్వల్స్ హోస్ట్ పేరుకి ఐపీ అడ్రస్ వెతకడానికి నెట్‌వర్క్ మీదికి వెళ్లవచ్చు. మ్యాప్‌లో గెట్ అంటే డీఎన్‌ఎస్ వెతుకులాట! యూఆర్‌ఐ వాడండి, లేదా నేరుగా స్ట్రింగ్.
- సెకనుకు లక్షలసార్లు నడిచే చోట ఆబ్జెక్ట్స్ డాట్ హ్యాష్ వాడడం. పిలిచిన ప్రతిసారీ అర్రే కడుతుంది, ఇంట్‌లను బాక్స్ చేస్తుంది, అంటే ఇంటీజర్ ఆబ్జెక్టుల్లో చుడుతుంది. జేఐటీ (ప్రోగ్రామ్ నడుస్తుండగా కోడ్‌ని వేగవంతం చేసే కంపైలర్) కొన్నిసార్లు ఆ పనిని తీసేస్తుంది, ప్రతిసారీ కాదు. 31తో గుణించే రెండు లైన్లు చేత్తో రాస్తే పోయేదేముంది?

కీలు బయటివాళ్ల నుంచి వస్తుంటే, అంటే వెబ్ రిక్వెస్ట్‌లోని పేర్లలాంటివైతే, ఇంకో జాగ్రత్త. ఒకే హ్యాష్‌కోడ్ వచ్చే స్ట్రింగ్‌లు కావాలని తయారుచేయడం చాలా సులువు. ఇలాంటి దాడితో వెబ్ సర్వర్లను స్తంభింపజేయవచ్చని 2011 డిసెంబరులో పలు భాషల మీద చూపించారు. జావా 8 ట్రీ బకెట్ల వల్ల స్ట్రింగ్ కీలకు ఆ ప్రమాదం బాగా తగ్గింది, స్ట్రింగ్‌కి కంపేరబుల్ ఉంది కాబట్టి. మీ సొంత కీ క్లాస్‌కి ఆ రక్షణ ఊరికే రాదు.

4. సైజు ముందే చెప్పండి, కానీ సరిగ్గా చెప్పండి

హ్యాష్‌మ్యాప్ 16 గదులతో మొదలవుతుంది. ముప్పావు భాగం, అంటే 0.75 నిండగానే రెట్టింపవుతుంది. 10 లక్షల ఎంట్రీలు చేరేసరికి 17 సార్లు రెట్టింపు, ప్రతిసారీ ఉన్నవన్నీ కొత్త టేబుల్‌లోకి మార్పు.

అందరూ చేసే పొరపాటు: వెయ్యి ఎంట్రీలకు కన్‌స్ట్రక్టర్‌లో 1000 అని రాయడం. అది గదుల సంఖ్య, ఎంట్రీల సంఖ్య కాదు. 1000ని 1024 చేస్తుంది, 768 ఎంట్రీలకే హద్దు వస్తుంది, 769వ ఎంట్రీకి మళ్లీ రెట్టింపు. ఏ పని తప్పించాలనుకున్నారో అదే జరిగింది.

జావా 19 నుంచి హ్యాష్‌మ్యాప్ డాట్ న్యూహ్యాష్‌మ్యాప్ అనే స్టాటిక్ మెథడ్ ఉంది. దానికి ఎంట్రీల సంఖ్యే ఇవ్వాలి, మిగతా లెక్క అదే చూసుకుంటుంది. పాత వెర్షన్లలో ఎంట్రీల సంఖ్యను 0.75తో భాగించి, ఒకటి కలిపి ఇవ్వండి.

కాంకరెంట్‌హ్యాష్‌మ్యాప్‌కి ఈ భాగహారం వద్దు. పారామీటర్ పేరు ఒకటే అయినా దాని కన్‌స్ట్రక్టర్ అడిగేది ఎంట్రీల సంఖ్య. అక్కడ కూడా భాగించి ఇస్తే అవసరానికి మించిన టేబుల్ కడుతుంది.

లోడ్ ఫ్యాక్టర్‌ని వదిలేయండి. ట్యూనింగ్ అనగానే అందరి చెయ్యీ ముందు దాని మీదికే పోతుంది. టేబుల్ సైజు ఎప్పుడూ 16, 32, 64 అని రెట్టింపవుతూనే పెరుగుతుంది కాబట్టి 0.75ని 0.6 చేసినా చాలాసార్లు అదే సైజు వస్తుంది, తేడా శూన్యం.

ఇంకోటి: హ్యాష్‌మ్యాప్ పెరుగుతుందే కానీ తగ్గదు. ఒకసారి 10 లక్షలు పట్టిన మ్యాప్‌ని క్లియర్ చేసి పది ఎంట్రీలతో వాడుకుంటున్నారా? టేబుల్ అంతా అలాగే ఉంటుంది, లూప్ వేసిన ప్రతిసారీ 20 లక్షల గదులు తిరిగొస్తుంది. క్లియర్ చేసినా నెమ్మదిగా ఉందంటే కారణం ఇదే. పాతది పారేసి కొత్త మ్యాప్ కట్టండి.

5. ఒకే పనికి రెండుసార్లు వెతకకండి

కంటెయిన్స్‌కీ అడిగి, ఉంటే గెట్, లేకపోతే పుట్: ఇది పాత అలవాటు. ఒక్కో పనికి రెండు వెతుకులాటలు. లెక్కపెట్టడానికి మెర్జ్, కీ లేనప్పుడు కొత్త వాల్యూ కట్టి పెట్టడానికి కంప్యూట్‌ఇఫ్‌ఆబ్సెంట్, లేనప్పుడు ఒక విలువ చాలంటే గెట్‌ఆర్‌డిఫాల్ట్ వాడండి. లూప్‌లో కీసెట్ మీద తిరుగుతూ ప్రతి కీకి గెట్ అనడం కూడా ఇలాంటిదే. ఎంట్రీసెట్ మీద తిరగండి.

హెచ్చరిక: కంప్యూట్‌ఇఫ్‌ఆబ్సెంట్‌కి ఇచ్చే లాంబ్డా లోపల అదే మ్యాప్‌ని మార్చకండి. ఫిబొనాచ్చిని రికర్షన్‌తో ఇలా రాసి చిక్కుకున్నవాళ్లు లెక్కలేనంతమంది. జావా 9 నుంచి హ్యాష్‌మ్యాప్ ఎక్సెప్షన్ విసిరి చెబుతుంది. జావా 8లో కాంకరెంట్‌హ్యాష్‌మ్యాప్ అయితే ఏమీ చెప్పకుండా ఉరేసుకున్నట్టు ఆగిపోవచ్చు.

6. రెండో థ్రెడ్ వస్తే

రెండు థ్రెడ్లు ఒకే హ్యాష్‌మ్యాప్‌లో రాస్తే “ఏమీ కాదులే” అనుకోవద్దు. జావా 7 వరకు టేబుల్ రెట్టింపయ్యే సమయంలో లిస్ట్ చుట్టుకుపోయి, గెట్ ఎప్పటికీ తిరిగిరాకుండా సీపీయూ వంద శాతం పట్టేసేది. తర్వాతి వెర్షన్లలో అది సరిచేశారు కానీ ఎంట్రీలు మాయమవడం, సైజు తప్పు రావడం ఇప్పటికీ ఉంటాయి.

కాంకరెంట్‌హ్యాష్‌మ్యాప్ పెట్టండి. గెట్‌కి లాక్ లేదు. రాసేటప్పుడు ఆ ఒక్క బకెట్‌కే లాక్ పడుతుంది. నల్ కీ, నల్ వాల్యూ ఒప్పుకోదని గుర్తుంచుకోండి. గెట్ చేసి, ఒకటి కలిపి, పుట్ చేస్తే మ్యాప్ ఏదైనా లెక్క తప్పుతుంది. మెర్జ్ ఒకే అడుగులో చేస్తుంది. ఒకే కీని చాలా థ్రెడ్లు పెంచుతుంటే వాల్యూగా లాంగ్‌యాడర్ పెట్టి, కంప్యూట్‌ఇఫ్‌ఆబ్సెంట్‌తో తెచ్చుకుని ఇంక్రిమెంట్ చేయండి.

క్రమమూ కావాలి, థ్రెడ్లూ ఉన్నాయంటే కాంకరెంట్‌స్కిప్‌లిస్ట్‌మ్యాప్. ఎప్పుడో ఒకసారి మారి, ఎప్పుడూ చదివే సెట్టింగ్స్‌లాంటివైతే నాకు నచ్చే దారి వేరు: కొత్త మ్యాప్ విడిగా కట్టి, కాపీఆఫ్‌తో గట్టిపరిచి, వోలటైల్ ఫీల్డ్‌లో (మార్పు మిగతా థ్రెడ్లకూ కనిపించే ఫీల్డ్) మార్చేయడం. చదివేవాళ్లకు లాక్ మాటే ఉండదు.

యాక్సెస్ ఆర్డర్ (పెట్టిన వరుస బదులు వాడిన వరుస) పెట్టిన లింక్డ్‌హ్యాష్‌మ్యాప్‌లో గెట్ కూడా రాయడమే. చదివిన ఎంట్రీని చివరికి జరుపుతుంది కాబట్టి, “చదవడమే కదా” అని లాక్ లేకుండా వదిలితే పాడవుతుంది.

7. మెమరీ చాలకపోతే ప్రిమిటివ్ మ్యాప్

ప్రిమిటివ్ అంటే ఆబ్జెక్ట్ కాని ఇంట్, లాంగ్‌లాంటి రకాలు. ముందు కీ, వాల్యూ రెండూ ఇంటీజర్ ఆబ్జెక్టులైన 10 లక్షల ఎంట్రీల హ్యాష్‌మ్యాప్ లెక్క వేద్దాం. నోడ్‌లు 32 ఎంబీ, కీలు ఒక్కోటి 16 బైట్ల చొప్పున 16 ఎంబీ, వాల్యూలు 16 ఎంబీ, టేబుల్ 8 ఎంబీ పైన. మొత్తం 72 ఎంబీ. అసలు డేటా? 8 ఎంబీ.

ఫాస్ట్‌యుటిల్ లైబ్రరీలోని ఇంట్ టు ఇంట్ ఓపెన్ హ్యాష్‌మ్యాప్ ఇదే డేటాని రెండు ఇంట్ అర్రేల్లో పెడుతుంది. అదే 20 లక్షల గదులు, గదికి 8 బైట్లు, సుమారు 17 ఎంబీ. నోడ్‌లు లేవు, బాక్సింగ్ లేదు, గార్బేజ్ కలెక్టర్‌కి తిరగడానికి లక్షల ఆబ్జెక్టులు లేవు. ఎక్లిప్స్ కలెక్షన్స్‌లోనూ ఇలాంటివి ఉన్నాయి. ఫాస్ట్‌యుటిల్ జార్ చాలా పెద్దది. మామూలు ఇంట్, లాంగ్, డబుల్ రకాలు చాలనుకుంటే దాని కోర్ జార్ తీసుకోండి.

మార్చేటప్పుడు చూసుకోవాల్సినవి రెండు. లేని కీ అడిగితే నల్ రాదు, సున్నా వస్తుంది. సున్నా మీకు అసలు విలువైతే డిఫాల్ట్ రిటర్న్ వాల్యూని మైనస్ ఒకటిలాంటిదేదైనా చేయండి. ఆ తర్వాత, ఆ మ్యాప్‌ని మామూలు మ్యాప్ టైప్ వేరియబుల్‌లో దాచి వాడితే మళ్లీ బాక్సింగ్ జరుగుతుంది, చేసిన పనంతా వృథా. వేరియబుల్ టైప్ కూడా ప్రిమిటివ్‌దే రాయండి.

లైబ్రరీ కలపడానికి అనుమతి లేకపోతే? జావా 25 వాడుతుంటే కాంపాక్ట్ ఆబ్జెక్ట్ హెడర్స్ అనే జేవీఎం (జావా ప్రోగ్రామ్‌ని నడిపేది) ఆప్షన్ ఆన్ చేసి చూడండి. ఆబ్జెక్ట్ హెడర్ 12 బైట్ల నుంచి 8కి దిగుతుంది, హ్యాష్‌మ్యాప్ నోడ్ 32 నుంచి 24 బైట్లవుతుంది. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ఇంకో సంగతి: హీప్‌ని 31 జీబీ నుంచి 32 జీబీకి పెంచితే రిఫరెన్సులు 4 బైట్ల నుంచి 8 బైట్లవుతాయి. పెంచాక చోటు తగ్గినట్టు అనిపిస్తే అది భ్రమ కాదు.

8. మ్యాప్‌ని క్యాష్‌గా వాడుతుంటే

ఎప్పుడూ తీసేయని క్యాష్‌ని మెమరీ లీక్ అనాలి. చిన్నదైతే లింక్డ్‌హ్యాష్‌మ్యాప్‌ని యాక్సెస్ ఆర్డర్‌తో కట్టి, రిమూవ్‌ఎల్డెస్ట్‌ఎంట్రీ మార్చుకోండి, ఒకే థ్రెడ్ అయితే చాలు. అంతకు మించితే కెఫీన్ లైబ్రరీ వాడండి. గరిష్ఠ సైజు, గడువు ఇవ్వవచ్చు. రికార్డ్‌స్టాట్స్ ఆన్ చేసి హిట్ రేట్ (అడిగినవాటిలో క్యాష్‌లోనే దొరికిన శాతం) చూడండి. హిట్ రేట్ మరీ తక్కువైతే ఆ క్యాష్ లేకపోయినా నష్టం లేదు, తీసేయండి.

9. కొలవండి, మోసపోకుండా

టైమ్ చూసి, లూప్ వేసి, మళ్లీ టైమ్ చూసి తీసేయడం కొలత కాదు. జేఎంహెచ్ వాడండి. అయినా మ్యాప్‌ల విషయంలో దాన్ని కూడా మోసం చేసే తప్పులున్నాయి:

- వరుస సంఖ్యల కీలు. 0, 1, 2 అని పోతే ఇంటీజర్ హ్యాష్‌కోడ్‌లు వరుస గదుల్లో పడతాయి, కొలిజన్ సున్నా, సీపీయూ క్యాష్‌కి పండగ. అసలు డేటాలో అలా ఉండదు. నమూనా కీలు అడిగింది అందుకే, వాటిని కలగాపులగం చేసి వాడండి.
- పెట్టిన అదే ఆబ్జెక్ట్‌తో వెతకడం. రిఫరెన్స్ ఒకటే అయితే ఈక్వల్స్ పిలవనే పిలవదు. స్ట్రింగ్ అయితే హ్యాష్‌కోడ్ కూడా ఒకసారి లెక్కించి దాచుకుంటుంది. వెతికే కీల కాపీలు విడిగా తయారుచేయండి.
- దొరికేవే అడగడం. మీ ప్రోగ్రామ్‌లో సగం వెతుకులాటలు దొరకనివైతే కొలతలోనూ సగం అలాగే ఉండాలి.
- గెట్ ఫలితాన్ని వదిలేయడం. జేఐటీ ఆ గెట్‌నే తీసేయవచ్చు. రిటర్న్ చేయండి లేదా జేఎంహెచ్‌లోని బ్లాక్‌హోల్‌కి ఇవ్వండి.
- వెయ్యి ఎంట్రీలతో కొలిచి కోటి ఎంట్రీలకు నిర్ణయం తీసుకోవడం. వెయ్యి ఎంట్రీలు సీపీయూ క్యాష్‌లో ఇమిడిపోతాయి, కోటి ఇమడవు.

కనీసం రెండు ఫోర్కులు (కొత్త జేవీఎంలో మళ్లీ నడపడం), ఐదు వార్మప్‌లు (కొలతకు ముందు లెక్కలోకి రాకుండా నడపడం) పెట్టండి. జేఎంహెచ్ చూపించే ఎర్రర్ హద్దుల్లోనే తేడా ఉంటే తేడా లేనట్టే, పాతదాన్నే ఉంచుకోండి. మెమరీకి జేఓఎల్‌లోని గ్రాఫ్‌లేఅవుట్ మ్యాప్ మొత్తం ఎన్ని బైట్లో చెబుతుంది. కోడ్ రాయలేని చోట హీప్ డంప్ తీసి మ్యాట్‌లో తెరిస్తే, జావా కలెక్షన్స్ మెనూలో మ్యాప్ కొలిజన్ రేషియో అనే రిపోర్ట్ ఉంది.

అదీ కుదరని, నడుస్తున్న సర్వర్ మీద ఒక చిన్న పరీక్ష. జేమ్యాప్‌ని హిస్టో ఆప్షన్‌తో నడిపి, వచ్చిన జాబితాలో హ్యాష్‌మ్యాప్ ట్రీనోడ్ అనే పేరు వెతకండి. కాంకరెంట్‌హ్యాష్‌మ్యాప్‌కి విడిగా దాని ట్రీనోడ్ ఉంటుంది, అదీ చూడండి. పదో ఇరవయ్యో ఉంటే పట్టించుకోకండి. వేలల్లో ఉంటే ఆ జేవీఎంలో ఎక్కడో ఒక చెడ్డ కీ ఉంది, మూడో స్టెప్ నుంచి మొదలుపెట్టండి. నా గ్రిడ్ నడిచినప్పుడు ఈ పరీక్ష చేసి ఉంటే ఆ జాబితాలో 10 లక్షల ట్రీనోడ్‌లు కనిపించేవి, ఆ రెండు రోజులూ మిగిలేవి.